పాఠకుల ప్రశ్నలు: క్రిస్మస్‌కు ముందు 26 సాయంత్రాలు

ప్రశ్న: వందనాలండి. డిసెంబరు వస్తే ఇంటికి సున్నాలు, కొత్త బట్టలు, పిండివంటలు, క్యారల్ రౌండ్లు. పండుగనాటికి ఒళ్లు అలిసిపోతుంది గానీ మనసు సిద్ధపడదు. ఈసారి రోజూ ఇంట్లో కృతజ్ఞతతో ప్రార్థన పెట్టుకోవాలనుకుంటున్నాం. కోడలు ఒడియా పిల్ల, మనవలది ఒడియా బడి, తెలుగు చదవలేరు. ఎలా చేయాలి?
(ఒక గృహిణి, గుణుపూర్, ఒడిశా)

జవాబు: 136వ కీర్తన తీయండమ్మా. 2026లో ఆగమన కాలం (క్రిస్మస్‌కు సిద్ధపడే రోజులు) మొదటి ఆదివారం నవంబరు 29న. అక్కణ్ణుంచి డిసెంబరు 24 దాకా సరిగ్గా 26 రోజులు, కీర్తనలో వచనాలూ 26. (ఏటా ఇలా కుదరదు. ఆగమన కాలం 22 నుంచి 28 రోజుల మధ్య మారుతుంటుంది.) రోజుకో వచనం. ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అనే ఉంటుంది. ముందు సగం మీరు చదవండి, ఆ పల్లవి పిల్లలు అందుకుంటారు. రెండు రోజుల్లో నోటికొచ్చేస్తుంది, అక్షరాలతో పనిలేదు. కోడల్ని ఒడియా బైబిల్లోనే చదువుకోనివ్వండి.

తర్వాత తలా ఒక మేలు చెప్పాలి. బండి ఆగేది ఇక్కడే. నాలుగో రోజుకల్లా "ఆరోగ్యమిచ్చావు, కుటుంబాన్ని కాచావు" అనే పాత పాటే వినిపిస్తుంది. మాట మరీ పెద్దదైతే అంతే. ఆ రోజు జరిగింది, ఎవరి చేతిమీదుగా జరిగిందో చెప్పమనండి: "బస్సులో పక్కావిడ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంది." చాలు. నోటుబుక్కులో ఒక్క వరుస రాసుకోండి. ఓ రోజు తప్పితే మర్నాడు రెండు వచనాలు చదవండి గానీ పాత మేళ్లు గుర్తుచేసుకుని పూరించొద్దు, అది హోంవర్కు అయిపోతుంది. అంతా పది నిమిషాల్లో ముగియాలి. పెద్దాయన ప్రార్థన ఇరవై నిమిషాలు సాగిందా, మూడో రోజు పిల్లలు పక్కింట్లో ఉంటారు.

డిసెంబరు 8 నుంచి ఐగుప్తు, ఫరో, హతమైన రాజులు వస్తారు. పండుగ ముందు ఇవేంటని దాటేయకండి. దాస్యం నుంచి విడుదలను చెప్పే వచనాలవి. తీరిన అప్పు, మానిన తాగుడు చెప్పుకోవలసిన రోజులు.

25వ వచనం సమస్త జీవులకూ ఆహారమిచ్చే దేవుణ్ణి గురించి. అది డిసెంబరు 23న పడుతుంది. మొదటి రోజు నుంచి ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేస్తే అప్పటికి కిలో దాటుతుంది. పురుగు పట్టకుండా నాలుగు ఎండు వేపాకులు వేసి ఉంచి, అవసరమున్న ఇంటికి ఆ సాయంత్రమే ఇచ్చేయండి.

ప్రశ్న: గోదారి పొంగి మా పత్తి మొత్తం మునిగింది. దేనికని కృతజ్ఞత చెప్పాలె?
(ఒక రైతు, సిరొంచ, మహారాష్ట్ర)

జవాబు: మునిగిన పత్తికి వందనాలు చెప్పమని లేఖనం అడగదు. 1 థెస్సలొనీకయులకు 5:18లో ఉన్నది "ప్రతి విషయమునందును" అని, విషయం కోసమని కాదు. హబక్కూకు 3:17 చూడండి. అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, గొర్రెలు, పశువులు అంటూ ఆ ప్రవక్త ముందు పోయినవే ఆరు వరుసగా చెప్తాడు. ఆనందం మాట 18లోనే. మీరూ ముందు ఎన్నెకరాలు పోయాయో, అప్పెంతో దేవునికి విడమరిచి చెప్పండి. తర్వాత మేలేదైనా తోస్తే సరే, తోచకపోతే ఆ రాత్రికి పల్లవి చాలు.

పంట దక్కినవాళ్లు సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు కాస్త చూసుకోవాలి. లూకా 18లో పరిసయ్యుడి ప్రార్థన కూడా కృతజ్ఞతాస్తుతులతోనే మొదలైంది. తాను ఇతరుల్లాంటివాణ్ణి కాదన్న దగ్గర చెడింది.