డీజే కథ రాసిన కుర్రవాడికి

నాయనా,

నీ కథ చదివాను. తిరుపతిలో ఆరుబయట రిసెప్షన్, వేదిక పక్కన డీజే కుర్రవాడు, స్పీకరు దగ్గరే నిలబడి ఫోనులో అరుస్తున్న పెళ్లికొడుకు మేనమామ. ఆ మేనమామ ఉన్న నాలుగు వాక్యాలూ బంగారం. ఎవరు తీసేయమన్నా తీయకు. చిక్కంతా మూడో పేజీలో ఉంది. “సంగీతం ఒక్కసారిగా నెమ్మదించింది, అంతా ప్రశాంతమైపోయింది” అని రాసి దాటేశావు. కథకు ఆయువుపట్టు అదే, నువ్వేమో ఒక్క ముక్కలో తేల్చేశావు.

అసలు అక్కడ సంగీతం నెమ్మదించదు. నీ కుర్రవాడు వేసింది హౌస్, ఒకే తీరున దెబ్బ పడుతూ సాగే డాన్స్ సంగీతం. అది 1980ల మొదట్లో చికాగో క్లబ్బుల్లో పుట్టింది. ఈ చరిత్ర నీకు తెలిస్తే చాలు, కథలో పెట్టకు. దాని వేగం చాలావరకు నిమిషానికి 120 నుంచి 125 దెబ్బలు. ప్రశాంతంగా వినిపించే వాద్య ట్రాకు కూడా ఇంచుమించు అదే వేగంలో నడుస్తుంది. కాకపోతే గాయకుడు ఉండడు, వాద్యాలు తక్కువ, కీబోర్డు స్వరం ఒకటో రెండో పొడుగ్గా సాగుతుంటుంది. అంటే పాట పలచబడిందే తప్ప మందగించలేదు. ఆడుతున్నవాళ్ల కాళ్లు ఆగవు. స్పీకర్లలో గొంతు లేదు కనుక చుట్టూ ఉన్న మనుషుల గొంతులు పైకి తేలతాయి. ఇప్పుడు నీ మేనమామను తలుచుకో. పాట పలచబడిన సంగతి ఆయన గమనించలేదు, ఇంకా అదే స్థాయిలో అరుస్తున్నాడు. ఎవరికి ఎంత బాకీయో పెళ్లివారందరికీ వినపడిపోయింది! నీ చేతిలో ఇంత ఉంచుకుని, ఆకాశంలో చందమామను వర్ణిస్తూ కూర్చున్నావు.

ఇక ఆ కుర్రవాడి చేతులు. హెడ్‌ఫోను ఒక చెవికే ఉంటుంది, రెండో చెవి జనానికి. రాబోయే ట్రాకును లోపల వింటూ దాని వేగాన్ని మోగుతున్న పాటకు సరిచేస్తాడు. నాలుగు దెబ్బలు ఒక ఆవర్తం. 120 వేగంలో ఆవర్తానికి రెండు సెకన్లు, పదహారు ఆవర్తాల్లో రెండు పాటలనూ కలిపితే 32 సెకన్లు. హౌస్ ట్రాకుల మొదట్లోనూ చివర్లోనూ చాలాసార్లు ఉత్త డ్రమ్ములే ఉంటాయి, కలుపుకోవడానికి వీలుగా. అక్కడ కలిపితే శ్రుతి తేడా బెంగ కూడా తక్కువ. కొత్త ట్రాకు బేస్‌ను, అంటే అడుగున మోగే గంభీర ధ్వనిని, నాబ్ తిప్పి పూర్తిగా తగ్గించి, శబ్దం పెంచే మీటను, అదే ఫేడరును, మెల్లగా పైకి జరుపుతాడు. కొత్త ఆవర్తాల వరస మొదలయ్యే దెబ్బ మీద ఒక చేత్తో పాత బేస్ తగ్గిస్తూ, రెండో చేత్తో కొత్తది పెంచుతాడు. రెండు బేస్‌లూ ఒకేసారి మోగితే అంతా ముద్దైపోతుంది. ఆ 32 సెకన్లే నీ సన్నివేశం. వాటికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు.

ఇంకొకటి. తీన్మార్ దెబ్బ నుంచి నేరుగా హౌస్‌లోకి దింపావు. తీన్మార్‌ది ఎక్కువగా తిశ్ర నడక, అంటే మూడు లెక్కలు; హౌస్‌ది చతురశ్రం, అంటే నాలుగు. రెంటినీ ఒకదానిమీద ఒకటి అరనిమిషం మోగిస్తే ఆడేవాళ్లు తడబడతారు. తెలిసినవాడైతే డప్పు పాట చివరి దెబ్బను ప్రతిధ్వనిలో వదిలేసి, ఆ సందులో కొత్తది మొదలుపెడతాడు. లేదా మధ్యలో నాలుగు లెక్కల పాట ఒకటి వేస్తాడు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో డప్పులు వింటూ పెరిగినవాళ్లు నీ పాఠకులు. వాళ్ల దగ్గర లెక్క తప్పితే దొరికిపోతావు.

అతను ఆ ట్రాకు ఎందుకు వేశాడన్నదానికి నువ్వు చెప్పిన కారణం, పాత ప్రేమ గుర్తుకు రావడం, నాకు రుచించలేదు. గడియారం చాలదా? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 దాటాక మోగకూడదు. తొమ్మిదిన్నర అయింది, సగం మంది ఇంకా భోజనాలకు లేవలేదు, వంటవాళ్లు విసుక్కుంటున్నారు. పాట ఉన్నట్టుండి ఆపేస్తే కుర్రకారు గొడవ చేస్తుంది. అందుకే పలచన చేశాడు. ఈ కారణం పెట్టి చూడు, ఆ కుర్రవాడు పనిమంతుడిగా కనిపిస్తాడు. ప్రేమ ఉంటే ఉండనీ, నువ్వు మాత్రం చెప్పకు.

తిరగరాసే ముందు ఒక రాత్రి ఎవరైనా డీజే పక్కన నిలబడి అతని చేతులు చూడు. ముఖం చూస్తే ఏమీ తెలియదు, వాళ్లెప్పుడూ తల ఊపుతూనే ఉంటారు. ఆపైన కథ పేరు కూడా మార్చు. ‘ప్రశాంత రాగం’ అనగానే నాకు ఆవులింత వచ్చింది.

ఆశీస్సులతో,
చిత్తూరు నుంచి మీ పెద్దాయన