ఎంటర్ కొట్టాక వెనక మిగిలేది

అంబాజీపేట

చిరంజీవి అమ్ములుకి మావయ్య దీవెనలు.

కొబ్బరికాయల లెక్కకి నువ్వు రాసిన సి ప్రోగ్రాం చూశాను. కాయలెన్నో అడిగి తీసుకుంటోంది గానీ, "ఇంకో రైతు ఉన్నారా, వై లేదా ఎన్" అన్నచోట ఆగకుండా ముగిసిపోతోంది. కంపైలర్ మార్చకు, తప్పు దానిది కాదు.

250 కొట్టి ఎంటర్ నొక్కితే లోపలికి వెళ్ళేవి నాలుగు అక్షరాలు: మూడంకెలు, లైన్ ముగిసిందని చెప్పే న్యూలైన్. నువ్వు ఇన్‌పుట్ చదవడానికి వాడిన స్కాన్‌ఎఫ్‌లో సంఖ్య అడిగే గుర్తు పర్సెంట్ డి. అది మూడంకెలూ తీసుకుని న్యూలైన్ దగ్గర ఆగిపోతుంది. బఫర్లో, అంటే కొట్టినవి చదివేదాకా ఆగే చోట, మిగిలిన ఆ న్యూలైన్‌నే తరవాతి పర్సెంట్ సి, అంటే ఒక్క అక్షరం అడిగే గుర్తు, నీ జవాబనుకుంటుంది. ఆ అక్షరాన్ని పర్సెంట్ డి పెట్టి ప్రింట్ చేసి చూడు, న్యూలైన్ కోడ్ 10 కనబడుతుంది. కొటేషన్ లోపల పర్సెంట్ సి ముందు ఒక్క ఖాళీ పెడితే తీరిపోతుంది. పర్సెంట్ డి వెనక మాత్రం పెట్టకు. ఎన్ని ఎంటర్లు కొట్టినా, ఇంకో అక్షరం పడేదాకా ప్రోగ్రాం కదలదు.

సంఖ్య అడిగినచోట ఎవరైనా అక్షరం కొడితే స్కాన్‌ఎఫ్ 0 తిరిగిస్తుంది, ఆ అక్షరాన్ని అక్కడే వదిలేస్తుంది. తూముకి గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టే. తీసేదాకా నీళ్ళు దిగవు, నీ లూప్ తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్‌తో న్యూలైనో, ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫో వచ్చేదాకా చదివి పారెయ్యాలి. ఆ విలువ పట్టే వేరియబుల్ ఇంట్ (పూర్ణసంఖ్య) అవ్వాలి, చార్ (అక్షరం) కాదు. బఫర్ ఖాళీ చెయ్యడానికి ఎస్‌టిడిఇన్ (కీబోర్డు ఇన్‌పుట్) మీద ఎఫ్‌ఫ్లష్ వాడమంటారు, వినకమ్మా. ఇన్‌పుట్ మీద అదేం చెయ్యాలో సి ప్రమాణంలో లేదు.

వీటన్నిటికంటే నాకు భయం కామా గురించే. మనవాళ్ళు 1,200 అని కొడతారు. పర్సెంట్ డి అందులో 1 తీసుకుని కామా దగ్గర ఆగుతుంది. స్కాన్‌ఎఫ్ కూడా సంఖ్య దొరికిందనే చెబుతుంది. 1,199 కాయలు చప్పుడు లేకుండా పోతాయి, రైతు నష్టపోతాడు.

అందుకని స్కాన్‌ఎఫ్ మానేసి, 100 గదుల చార్ అర్రే పెట్టుకుని ఎఫ్‌గెట్స్‌తో లైనంతా తీసుకో. చదవడానికి ఏమీ లేక అది నల్ ఇస్తే లూప్ ఆపెయ్యి. లేకపోతే ఆ లైన్ మీద ఎస్‌స్కాన్‌ఎఫ్ నడుపు, అది కీబోర్డు బదులు అర్రేలోంచి చదివే స్కాన్‌ఎఫ్. ఫార్మాట్ పర్సెంట్ డి, ఖాళీ, పర్సెంట్ సి. ఎన్ని దొరికాయో ఆ లెక్క తిరిగిస్తుంది. 1 తిరిగొస్తేనే లెక్కలో వెయ్యి. 2 వచ్చిందంటే అంకెల వెనక ఇంకేదో ఉంది. 1 కాకుండా ఏమొచ్చినా మళ్ళీ అడుగు. వై, ఎన్ కూడా ఎఫ్‌గెట్స్‌తోనే తీసుకో. స్కాన్‌ఎఫ్‌తో కలిపితే మొదటి చిక్కే మళ్ళీ వస్తుంది. పాత పుస్తకాల్లో కనిపించే గెట్స్ జోలికి పోకు, 2011 ప్రమాణంలో దాన్ని తీసేశారు.

మార్చాక 250, 1,200, ఏదైనా అక్షరం, ఉత్త ఎంటర్ కొట్టి చూడు. చివర్లో ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పడానికి కంట్రోల్ డి, విండోస్ అయితే కంట్రోల్ జెడ్ కొట్టి ఎంటర్. ఏది తేడాగా వచ్చినా, కొట్టింది కొట్టినట్టు రాసి పంపు.

మీ మావయ్య