కోరింగ బురదలో దిగబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కోరింగ మడ అడవుల బురదలో బ్యాక్టీరియాను ఎంచుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఎంత సంతోషించానో! ఆ బురదలో తిరిగి నేర్చుకున్నది నీకు చెప్పకుండా ఉండలేను.

ముందు తిథి చూసుకో. అమావాస్యకీ పున్నమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ సముద్రపు నీరు బాగా వెనక్కి తీస్తుంది, పాటు అంటే అదే, బురద చాలా దూరం బయటపడుతుంది. అష్టమి దగ్గర నీరు అంతగా కదలదు. నీరు తీస్తుండగానే దిగు, పోటు మొదలవక ముందే తిరుగు. ఒంటరిగా మాత్రం వెళ్లకు. పడవ నడిపే ఆయన ఎక్కడ అడుగు వేయమంటే అక్కడే వేయి.

ఇక అసలు సంగతి. అడుగు దాకా ఒకటే బురద అనుకోకు. పైన గోధుమ రంగు పొర కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, ఆక్సిజన్ దిగేది ఇంచుమించు అంతవరకే. దాని కింద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన వేసే చోట, ఆక్సిజన్ బదులు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో ఊపిరి తీసే బ్యాక్టీరియా బతుకుతుంది. అది వదిలిన హైడ్రోజన్ సల్ఫైడు ఇనుముతో కలిస్తే వచ్చేదే ఆ నలుపు. పీత బొరియ గోడలు లోపల కూడా గోధుమ రంగులో కనిపిస్తే ఆశ్చర్యపోకు, ఆ దారిన ఆక్సిజన్ కిందికి వెళ్తుంది. బొరియ పక్కన తీసిన నమూనా అయితే ఆ మాట సీసా మీద రాసిపెట్టు.

మొదట్లో నేను ఐదు సెంటీమీటర్ల లోతు బురదనంతా ఒకే సీసాలో కలిపేశాను. రెండు లోకాలను కలిపి ఒకటే అంకె రాశాను, ఒక సీజను పని పోయింది. నువ్వు ముక్కు కోసేసిన ఇరవై మిల్లీలీటర్ల సిరంజిని నిలువుగా గుచ్చి తీయి. పై పొర వేరు, నల్ల పొర వేరు. లెక్కకు పెట్టేది అక్కడే ఫార్మలిన్‌లో వేసెయ్యి, పెంచి చూసేది ఐసు పెట్టెలో పెట్టు. గ్రాము బురదలో బ్యాక్టీరియా వంద కోట్ల దాకా ఉంటుంది. ప్లేటు మీద మొలిచేవి వాటిలో చాలా కొద్ది, అందుకే రంగు వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టు.

అయితే లెక్కతో ఆగిపోకు తల్లీ. ఎవరు తింటున్నారో చూడు. 1965లో న్యూవెల్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండు బురదలోని చిన్న నత్తల రెట్ట తీసుకుని సముద్రపు నీటిలో ఉంచాడు. కొన్నాళ్లకు అందులో నత్రజని పెరిగింది, దాని మీద సూక్ష్మజీవులు పెరిగాయి గనుక. మళ్లీ నత్తలకు పెడితే తిన్నాయి, నత్రజని తగ్గింది. నత్తకు బలమిచ్చింది చెత్త కన్నా, దాన్ని కప్పిన ప్రాణులే! తిన్నకొద్దీ పెరిగేవాటిని ఒక్క రోజు లెక్కతో కొలవలేం. నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన విషయం ఇదే.

ఇంకొకటి. మడ ఆకు రాలుతుంది, బ్యాక్టీరియా కుళ్లబెడుతుంది, పీత తింటుంది, అదే ఈ అడవి ఆహారం అంతా అని రిపోర్టు మొదలుపెట్టకు. కోరింగలోనే ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో తిండి జాడ పట్టి చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో, అక్కడి వెన్నెముక లేని జీవుల్లో చాలావాటికి ఆకు కన్నా నాచు జాతుల నుంచే తిండి ఎక్కువగా అందుతోందని తేలింది. అలాగని బ్యాక్టీరియా పాత్ర తగ్గదు. బురద మీద మెరిసే పలుచని జిగురు పొర ఉంటుంది చూడు, అందులో డయాటమ్‌లు అనే ఒంటికణం నాచులు వదిలే బంకను బ్యాక్టీరియా తింటుంది, ఆ డయాటమ్‌లకు కావలసిన నత్రజని, భాస్వరం తిరిగి అందిస్తుంది. పురుగులూ పీతలూ రెంటినీ కలిపే మేస్తాయి. కెనడాలోని ఫ్రేజర్ నది మొగలో ఒక జాతి ఉల్లంకి పిట్టల తిండిలో సుమారు సగం ఇలాంటి జిగురు పొరేనని 2008లో తేల్చారు. కాకినాడ తీరానికి చలికాలంలో వచ్చే పిట్టల ముక్కులు ఎంత లోతు దిగుతున్నాయో, ఎక్కడ పైపైనే గీరుతున్నాయో నువ్వూ నోట్సులో రాయి. డయాటమ్‌లు పగటి పాటులో పైకి వస్తాయి, పోటుకు ముందు కిందికి దిగుతాయి, కాబట్టి ప్రతి సీసా మీదా టైము ఉండాలి.

వచ్చే పున్నమికి దిగుతుంటే రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి. కోసిన సిరంజిలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, మీ నాన్న చేత పంపిస్తాను.

ఇట్లు,
పెదనాన్న