తాతయ్య గాలాల పెట్టె

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. బ్రాడీపేట ఇంట్లో అటక మీద తాతయ్య చేపలు పట్టే సామాను పెట్టె ఇన్నాళ్లు భద్రంగా ఉందని తెలిసి ఎంత సంతోషం వేసిందో! మీ తాతయ్య బెజవాడ రైల్వేలో చేసే రోజుల్లో, ఆస్ట్రేలియా వెళ్లిపోతున్న ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన ఇచ్చి వెళ్లిన పెట్టె అది. ఆదివారం కూర్చుని అన్నీ తోమి తళతళలాడిస్తానని రాశావు. ఆ మాట చదివాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తోమకు నాన్నా. బ్రాసో డబ్బా కొని ఉంటే పూజ సామానుకు వాడుకోమని అమ్మకిచ్చెయ్.

లేత్ షెడ్డు పెట్టిన కొత్తలో నేనే ఈ తప్పు చేశాను. ఒక పెద్దాయన హార్డీ రీలు, అదే గాలం దారం చుట్టే చక్రం, రిపేరుకు తెచ్చాడు. ఇంగ్లండ్‌లో ఆనిక్ అనే ఊళ్లో 1872లో మొదలైన కంపెనీ అది. రీలు నల్లగా ఉంటే మురికి అనుకుని బఫింగ్ చక్రానికి పట్టాను. పది నిమిషాల్లో అద్దంలా మెరిసింది. ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు. ఆ నలుపు ఫ్యాక్టరీలో వేసిన పూత అట. పూతతో పాటు పేరు అచ్చు కూడా సగం అరిగిపోయింది. డబ్బులు వద్దన్నా ఇచ్చి వెళ్లాడు. ఆ ముఖం నాకు ఇంకా గుర్తే.

అందుకని రీలును పొడి గుడ్డతో తుడువు, చాలు. లోపల గ్రీజు గడ్డకట్టి ఉంటుంది. పాత టూత్ బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచి పళ్ల చక్రం దగ్గర మాత్రమే రుద్ది, ఆరాక కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. స్క్రూలు మాత్రం విప్పకు. వాటి గాడి సన్నం, బజారులో దొరికే స్క్రూ డ్రైవర్ దానికి సరిగ్గా కూర్చోదు. జారిందంటే గాడి చెడుతుంది. చెడిన గాడి చూడగానే, కొనేవాడికైనా దాచుకునేవాడికైనా మనసు విరిగిపోతుంది.

ఇక ఆ వెదురు కర్ర. ఫొటోలో చివర చూస్తే ఆరు పలకలు కనిపించాయి. చైనా వెదురును ఆరు సన్నని ముక్కోణపు బద్దలుగా చీల్చి, జిగురుతో కలిపి చేసిన కర్ర అది. గోడకు ఆనించి పెట్టకు, మన ఎండలకు నెల తిరక్కుండా వంగిపోతుంది. గుడ్డ సంచిలో పెట్టి మేకుకు నిలువుగా వేలాడదియ్యి. కర్ర ముక్కల్ని కలిపే అతుకులు విడదీసేటప్పుడు మెలిపెట్టొద్దు, తిన్నగా లాగు. తడి కర్రను దాచే గొట్టంలో పెట్టి మూత పెడితే మాత్రం జిగురు విడిపోతుంది.

చిన్న కవర్లలో గట్టి తంతిలా చుట్టి ఉన్నవి చూశావు కదా, అవి నైలాన్ కాదు. పట్టుపురుగు లోపలి పట్టు గ్రంథిని లాగి చేసిన దారాలు. నైలాన్ రాకముందు గాలానికి కట్టేది ఇదే. నీళ్లలో నానబెట్టకుండా ముడి వేస్తే పుటుక్కున తెగుతుంది. చూసుకోవడానికి ఉంచుకో, చేపకు వాడకు. గాలాల్లో తుప్పు పట్టినవి వేరు చెయ్యి. మిగతావాటిలో ఒకదాన్ని వైజులో, అంటే మరతో బిగించే పట్టులో, బిగించి వేలితో మీటి చూడు. టంగుమని నిలబడితే మంచిది, వంగిపోతే మెత్తన, విరిగితే పెళుసు.

అసలు సంగతి ఈకలది, జాగ్రత్తగా చదువు. ఫ్లై అంటే నీకు తెలుసు, ఈకతో, దారంతో గాలం మీద కట్టే ఉత్తుత్తి పురుగు. పాత ఈకల్లో పురుగు ఉంటుంది. అడుగున సన్నటి పొడి కనిపిస్తే అదే ఆనవాలు. జిప్ కవర్లో పెట్టి రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచు, తీసి రెండు రోజులు బయట పెట్టి, మళ్లీ ఇంకోసారి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో. ఈక బిరుసు తెలియడానికి పెదవికి ఆనించి చూడటం పాత అలవాటు, ఈ పెట్టెలోవాటితో ఆ పని చెయ్యకు. పూర్వం పక్షి తోళ్లు పాడవకుండా ఆర్సెనిక్ పూసేవాళ్లు.

ఫొటోలో మైనపు చుక్కలు అద్దినట్టు మెరుస్తున్న మెడ తోలు ఒకటి ఉంది. అది అడవికోడిది. దాన్ని అమ్మొద్దు, ఎవరికీ పోస్టులో పంపొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ పక్షికి రక్షణ ఉంది. ఉంచుకోవడం గురించి అటవీ శాఖ ఆఫీసులో ఒకసారి అడుగు. నెమలి ఈకలు కూడా దేశం దాటించకూడదు. విదేశంలో ఎవరో మంచి రేటు ఇస్తానన్నారని ఆశపడి చిక్కు తెచ్చుకోవద్దు.

నువ్వు ఫ్లై కట్టడానికి ఈ పాత ఈకలేవీ అక్కర్లేదు. మనవైపు పుంజు రంగుకు ఎన్ని పేర్లు! డేగ, కాకి, పర్ల, సేతువ, మైల. విదేశాల్లో ఫ్లై కట్టేవాళ్లు వెతుక్కునేదీ ఇలాంటి రంగులే. 1970ల్లో ఇందుకోసమే ప్రత్యేకంగా పెంచిన కోళ్ల ఈకలు అమెరికాలో అమ్మకానికి రాకముందు, మన దేశం నుంచి వెళ్లిన పుంజుల మెడ తోళ్లనే అక్కడ ఎంతోమంది వాడేవారు. నాటుకోడి కొట్టులో ముందురోజే చెప్పి డేగ పుంజు మెడ తోలు అడుగు. లోపలి కొవ్వు గీకి, అట్టకు పరిచి పిన్నులు గుచ్చి, వెలిగారం పొడి రుద్ది నీడలో ఆరబెట్టు.

అందులోంచి ఒక ఈక పీకు. మొదట్లో ఉన్న నూగు గోటితో లాగెయ్. ఈకను వంచితే పోగులు నిటారుగా లేస్తాయి. ఆ పోగు పొడవు గాలం నోటి వెడల్పుకు, అంటే మొనకూ కాడకూ మధ్య ఎడానికి, ఒకటిన్నర ఇంతలుంటే సరిగ్గా కుదిరినట్టు. మొదలు దారంతో కట్టి, కొస పటకారుతో పట్టుకుని గాలం కాడ మీద చుట్టుకు చుట్టు ఆనిస్తూ తిప్పు. పటకారు ఈకను కోస్తుంటే దాని నోటికి సైకిల్ ట్యూబు ముక్క అంటించు. చెక్క రీళ్లకున్న పియర్సాల్స్ పట్టుదారం ముందు లాగి చూడు, పాతబడ్డ పట్టు ఇట్టే తెగుతుంది. బాగుంటే చెప్పులు కుట్టేవాళ్ల మైనం రాసి వాడు. కట్టేటప్పుడు దారం వచ్చే సన్న గొట్టంలో అది మధ్యమధ్య తెగుతుంటే గొట్టం మూతి గరుకైనట్టు. దాన్ని నాకు వదిలెయ్, నున్నగా చేసిస్తాను.

నీళ్లు తేటబడ్డాక, చలికాలంలో కాలువ గట్టున వేసి చూద్దాం. తిలాపియా ఇలాంటివాటికి బాగానే వస్తుంది. బ్యారేజీ గేట్ల దిగువకు మాత్రం ఒంటరిగా పోకు.

వచ్చే ఆదివారం పెట్టె తీసుకుని వచ్చెయ్. బస్సులో పైన పెట్టకు, ఒళ్లో పెట్టుకో. స్క్రూ డ్రైవర్లు తేకు, ఆ గాడులకు సరిపడా సానపట్టినవి నా దగ్గర నాలుగున్నాయి. డేగ మెడ తోలు దొరికితే అదీ పట్టుకురా.

ఇట్లు,
మీ మామయ్య