మూసీ నీళ్లు ఎంత పాడయ్యాయో కాలనీవాళ్లే పరీక్షించుకోవచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: నాగోలు దగ్గర మూసీకి కాస్త దూరంలోనే ఉంటున్నాం, కాలనీ సంఘం తరఫున నెలకోసారి నది నీళ్లు పరీక్షిద్దామనుకుంటున్నాం, టీడీఎస్ మీటరు కొంటే సరిపోతుందా, ఆరోగ్యానికి ప్రమాదం ఎంత?

ముందు ఆ టీడీఎస్ మీటరు సంగతి మర్చిపోండి. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, దాన్నిబట్టి కరిగిన లవణాలెన్నో అంచనా కట్టి చూపిస్తుందది, అంతే. గ్లాసుడు నీళ్లలో చెంచాడు మురుగు కలిపినా అంకె పెద్దగా కదలదు, చిటికెడు ఉప్పేస్తే మాత్రం వేలల్లోకి వెళ్తుంది. దీన్ని ఇంటింటికీ అలవాటు చేసింది ఆర్వో ఫిల్టర్లు అమ్మేవాళ్లు. వాళ్ల సంచీలో ఇంకో ఆట కూడా ఉంటుంది. కడ్డీలున్న ఎలక్ట్రోలైజర్‌ను నల్లా నీళ్లలో ముంచుతారు, నీళ్లు కాసేపట్లో గోధుమరంగు బురదవుతాయి, "చూశారా అమ్మా, మీరు తాగేది ఇదీ" అంటారు. ఆ బురద నీళ్లది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి పట్టిన తుప్పు. ఆర్వో నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి కరెంటు సరిగా పారదు, రంగూ రాదు.

మూసీలో మొదట చూడాల్సినవి రెండే: నీళ్లలో కరిగున్న ఆక్సిజన్, మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా. డబ్బు మిగిలితే అమ్మోనియా. భార లోహాల పరీక్ష ఖర్చు చూసి కాలనీ సంఘం జోలికి పోకపోవడమే మంచిది.

ఆక్సిజన్ పరీక్ష సగానికి సగం బ్రిడ్జి మీదే పాడైపోతుంది. తాడు కట్టిన బకెట్టు దభీమని వేసి పైకి లాగి, అందులోంచి సీసాలోకి వంపుతారు. అంత ఎత్తు నుంచి పడి, కుదుపులు తిని, మళ్లీ వంపేసరికి గాలిలోని ఆక్సిజన్ కలిసిపోతుంది. నదిలో సున్నా ఉన్నా కాగితం మీద ఒకటో రెండో వస్తుంది. కావాల్సింది బరువు కట్టిన డబ్బా, దానిలోపల 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా (నీళ్లలోని మురికిని కుళ్లబెట్టే క్రిములకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత బీఓడీ, ఆ పరీక్షకు వాడే గాజు సీసా ఇది), సీసా అడుగుదాకా దిగే ఒక గొట్టం. నది మధ్యధారలో, నీటిమట్టానికి ఒక అడుగు లోతున ముంచి, సీసా నిండి రెండు మూడింతల నీళ్లు పొర్లిపోయేదాకా ఉంచి తీయాలి. గాజు బిరడా పెట్టాక లోపల ఒక్క బుడగ కూడా ఉండకూడదు.

తర్వాతి పని అక్కడికక్కడే చేయాలి. పిపెట్ (కొలిచి పోసే గాజు గొట్టం) కొన నీళ్లలో మునిగేలా పెట్టి 1 మిల్లీలీటరు మాంగనీస్ సల్ఫేట్, 1 మిల్లీలీటరు ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేసి, బిరడా బిగించి సీసాను కొన్నిసార్లు తలకిందులు చేయండి. లోపల మబ్బులా ఒక మడ్డి పుడుతుంది. ఆక్సిజన్ ఉంటే అది ఇటుకపొడి రంగుకు తిరుగుతుంది. తెల్లగా విరిగిన పాలలా ఉండిపోయిందా, ఆక్సిజన్ లేదు, ఆ సీసాకు ల్యాబ్ అవసరం కూడా లేదు. రంగు వస్తే మడ్డిని సగానికి దిగనిచ్చి, ఇంకోసారి కలిపి, మళ్లీ దిగాక 1 మిల్లీలీటరు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేయండి. మడ్డి కరిగి, అయోడిన్ బయటపడి టీ డికాక్షన్ రంగు వస్తుంది. ఇక వెలుతురు తగలకుండా పెట్టెలో పెట్టి తెచ్చుకుంటే కొన్ని గంటలు ఆగుతుంది. ల్యాబ్‌లో 201 మిల్లీలీటర్లు కొలిచి 0.025 నార్మల్ గాఢత ఉన్న హైపోతో (సోడియం థయోసల్ఫేట్) టైట్రేషన్, అంటే రంగు పోయేదాకా చుక్కలుగా వేస్తూ ఎంత పడిందో కొలవడం. పడిన ఒక్కో మిల్లీలీటరు హైపో లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్‌తో సమానం. రంగు లేత గడ్డిరంగుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి. ముందే వేస్తే అయోడిన్ దానికి పట్టుకుని వదలదు, అంకె తప్పుతుంది. నెలల తరబడి అల్మారాలో ఉన్న హైపోను నమ్మొద్దు, వాడేముందు దాని బలం మళ్లీ సరిచూసుకోండి. అజైడ్ విషం, కాబట్టి నోటితో పిపెట్ పీల్చే కాలేజీ అలవాటు పనికిరాదు, రబ్బరు బల్బు వాడండి. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే నీళ్లలో సల్ఫైడ్ ఉంటుంది, అది అయోడిన్‌ను మింగేసి అంకెను తగ్గిస్తుంది. అయితే అంత సల్ఫైడ్ ఉన్నచోట ఆక్సిజన్ ఎలాగూ మిగలదు.

ఇంత తతంగం వద్దనుకుంటే కరిగిన ఆక్సిజన్‌ను నేరుగా చూపే ఆప్టికల్ డీఓ మీటరు కొనుక్కోవచ్చు, కాకపోతే దాన్ని హైదరాబాద్ ఎత్తుకు సరిచేయాలి. సముద్రమట్టంలో 30 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టగలిగే ఆక్సిజన్ లీటరుకు 7.56 మిల్లీగ్రాములు. మనం 540 మీటర్ల పైన ఉన్నాం, ఇక్కడ 7.1కి మించి పట్టవు. గాలి పీడనం సముద్రమట్టపు 760 మిల్లీమీటర్ల దగ్గరే వదిలేసి సరిచేసిన (కాలిబ్రేట్ చేసిన) మీటరు ప్రతిసారీ ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది.

చోటు గురించి ఒక మాట. నురగ ఎక్కడ బాగా కనిపిస్తే అక్కడ నీళ్లు పట్టడం అందరూ చేసే పని. ఆ నురగ ఎక్కువగా సబ్బుల్లోని రసాయనాలది, అది లేచేది కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) మీంచి నీళ్లు దూకేచోట. దూకిన నీళ్లు గాలిని కలుపుకుంటాయి కాబట్టి ఆక్సిజన్ అంకె అక్కడే మెరుగ్గా వస్తుంది, మురికి మాత్రం అంతే ఉంటుంది. కత్వకు పైన పట్టండి. నాలా వచ్చి కలిసే మూలన కూడా పట్టొద్దు. నీళ్లు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కలిసిపోయేంత దూరం దిగువకు వెళ్లాలి.

అసలు గొడవంతా వేళ దగ్గరుంది. నెలకోసారి, పదకొండింటికి, ఆఫీసు జీపు ఖాళీగా ఉన్నప్పుడు పట్టిన ఒక్క సీసాను నది ఆరోగ్యం అనడం నాకు మింగుడుపడదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తర్వాత పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. గేట్లు ఎత్తని రోజుల్లో ఊరి మధ్య పారేది చాలావరకు మన మోరీల నీళ్లే. మోరీ నీళ్లకు రోజువారీ ఆటుపోట్లు ఉంటాయి. పొద్దున స్నానాలు, బట్టలు, వంటింటి నీళ్లన్నీ కలిసి ఒక పోటు, రాత్రి ఒక చిన్న పోటు, తెల్లవారుజామున తగ్గుముఖం. ఎవరికీ చెప్పకుండా వ్యర్థాలు వదిలే ట్యాంకర్లు పగలు పదకొండింటికి రావు కదా. కనీసం ఒక్క రోజైనా ఇరవై నాలుగు గంటలూ రెండు గంటలకో సీసా పట్టండి. నెలకోటి చొప్పున ఏడాదంతా పట్టిన పన్నెండు సీసాల కన్నా ఆ ఒక్క రోజు ఎక్కువ చెబుతుంది. ఆగస్టు అంకెను ఏప్రిల్ అంకె పక్కన పెట్టి నది బాగుపడిందనేవాళ్లను పట్టించుకోకండి, అది వాన పుణ్యం. అందులోనూ మొదటి వాన నాలాల్లో ఏడాదిగా పేరుకున్నదంతా తోసుకొస్తుంది, ఆ రోజు అంకెలు ఎండాకాలం కన్నా ఘోరంగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ప్రవాహం తెలియకపోయినా అంకె కుంటిదే. లెక్క సులువు: లీటరుకు ఒక మిల్లీగ్రాము, రోజుకు పది లక్షల లీటర్లు అయితే రోజుకు ఒక కిలో. అంబర్‌పేట శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. బయటికి వచ్చే నీళ్లలో బీఓడీ 10 ఉంటే నదిలోకి రోజుకు 3,390 కిలోలు వెళ్తుంది, 30 ఉంటే పది టన్నులు దాటుతుంది.

బీఓడీ ల్యాబ్‌కే ఇవ్వండి, కాకపోతే ఏం డైల్యూషన్ చేశారో, అంటే ఎంత పలచన చేశారో అడగండి. మన దగ్గర 27 డిగ్రీల్లో మూడు రోజుల పద్ధతి నడుస్తోంది. ముప్పై బీఓడీ ఉన్న నీళ్లను కలపకుండా పెడితే సీసాలోని ఆక్సిజన్ త్వరలోనే అయిపోతుంది, మూడోరోజు చూసి "ఏడు" అని రాసేస్తారు. నిజానికి అది సీసాలో మొదట ఉన్న ఆక్సిజన్ అంకె. చివర్న కనీసం ఒక మిల్లీగ్రాము మిగలాలి, రెండైనా తగ్గుండాలి, అప్పుడే ఆ సీసా లెక్కకు వస్తుంది. కోలిఫాంలోనూ ఇదే కథ. అయిదేసి గొట్టాల్లో నీళ్లు పోసి ఎన్నింట్లో బ్యాక్టీరియా పెరిగిందో చూసి పట్టికతో అంచనా కట్టే పద్ధతిలో మామూలు డైల్యూషన్లతో పెడితే మురుగునీళ్లకు అన్ని గొట్టాలూ పాజిటివ్ వస్తాయి, పట్టిక "1600 కన్నా ఎక్కువ" అంటుంది. ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఆ "కన్నా ఎక్కువ" రాలిపోయి 1600 మిగులుతుంది. అసలు సంఖ్య లక్షల్లో ఉండొచ్చు. మూసీ నీళ్లకు లక్షో వంతు దాకా డైల్యూట్ చేయమని ముందే చెప్పండి. సీసా స్టెరిలైజ్ చేసినదై ఉండాలి, ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి.

వచ్చిన అంకెల్ని దేనితో పోల్చాలంటే, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తరగతుల్లో స్నానానికి పనికొచ్చే నీళ్లకు ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు, మొత్తం కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. చివరి తరగతి సాగునీళ్లది, నాకు ఒళ్లు మండేది అక్కడే. అందులో పీహెచ్, వాహకత (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే అంకె), సోడియం నిష్పత్తి, బోరాన్ తప్ప ఇంకేమీ లేవు. కోలిఫాం ఊసే లేదు. వాహకత 2250 దాటకపోతే మోరీ నీళ్లు కూడా పాసైపోతాయి. పచ్చిగా తినే కూరగాయలకు పారించే నీళ్లలో మల కోలిఫాం 100 మిల్లీలీటర్లకు వెయ్యి, నులిపురుగు గుడ్లు లీటరుకు ఒకటి మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది.

ఆరోగ్యం ప్రశ్నకు జవాబు ఇక్కడినుంచే వస్తుంది. మీరెవరూ మూసీ నీళ్లు నేరుగా తాగరు. నల్లాల్లోకి వచ్చేది కృష్ణా, గోదావరి, మంజీరా, జంట జలాశయాల నీళ్లు. ప్రమాదం పక్కదారుల్లో వస్తుంది. మొదటి దెబ్బ దిగువన చెప్పుల్లేకుండా బురదలో నిలబడి గేదెల కోసం పారాగడ్డి కోసేవాళ్లకు. కొంకిపురుగు పిల్లలు అరికాలి చర్మంలోంచే లోపలికి పోతాయి. రెండోది ఆకుకూరలు. పాలకూర ఉడుకుతుంది కాబట్టి బాధ లేదు. బిర్యానీ పక్కన రైతాలో, మిర్చీబజ్జీ మీద పచ్చిగా చల్లే కొత్తిమీర, పుదీనాలదే సమస్య. మంచినీళ్లతో బాగా కడిగితే క్రిముల్లో తొంభై శాతం దాకా, క్లోరిన్ కలిపిన నీళ్లలో నానబెట్టి కడిగితే తొంభై తొమ్మిది దాకా పోతాయి. కోతకు కొన్ని రోజుల ముందు నీళ్లు ఆపితే ఎండకే ఇంకా బాగా చస్తాయి. కోశాక కట్టలు మళ్లీ అవే నీళ్లలో ముంచితే ఇదంతా దండగ.

మందుల అవశేషాలు ఈ పరీక్షల్లో దేనికీ దొరకవు. 2007లో అచ్చయిన పరిశోధన ప్రకారం మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన మనిషి రక్తంలో చేరేది లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులతో ముసాయిదా తెచ్చింది, 2021 తుది నోటిఫికేషన్‌లో అవి మాయమయ్యాయి. పరిమితే లేనిదాన్ని కొలవమని ఎవరిని అడుగుతాం?

మీ కాలనీ డబ్బు పరిమితమైతే నది కన్నా ముందు నల్లా చూసుకోండి. 2009 మేలో భోలక్‌పూర్‌లో మనుషులు చనిపోయింది మురుగు కలిసిన మంచినీళ్లతోనే. నీళ్లు రోజంతా రావు కాబట్టి సరఫరా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది, పక్కన మోరీ లీకవుతుంటే పగుళ్లలోంచి లోపలికి లాక్కుంటుంది. ఆ మురికి వచ్చేది నీళ్లు వదిలిన మొదటి నిమిషాల్లో. అరగంట తర్వాత పట్టిన సీసా శుభ్రంగానే కనిపిస్తుంది. కాబట్టి మొదటి బిందె నుంచే పట్టండి, నీళ్లలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపే క్లోరోస్కోపుతో చూడండి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. నిన్నటిదాకా ఉండి ఇవాళ సున్నా అయిందంటే మురుగులోని అమ్మోనియా దాన్ని తినేసి ఉండొచ్చు, నీళ్లు మరగబెట్టుకుని జలమండలికి ఫిర్యాదు చేయండి, నీళ్లు వదిలిన టైము కూడా రాయండి.

దీనికి తోడు హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాలు చవగ్గా దొరుకుతాయి. గీతదాకా నీళ్లు పోసి గది వేడిలోనే 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలం తాలూకు బ్యాక్టీరియా ఉంటే నల్లబడుతుంది. మూసీ నీళ్లు మాత్రం ఇందులో పోయకండి. వాటిలో ముందే ఉన్న సల్ఫైడ్‌కు సీసా వెంటనే నల్లబడుతుంది, ఏమీ తేలదు. కొన్ని బోర్లలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి పోసిన పది నిమిషాలకే నల్లబడితే ఆ ఫలితాన్ని కొట్టేయండి. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ నీళ్లు నింపి అరగంట ఆగాకే మోరీలో పారబోయండి, పిల్లల చేతికి అందనివ్వకండి.