మూతపడిన అణుకేంద్రానికి కాపలా: మేనకోడలికి మామయ్య లేఖ

చి. అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీలో నిన్ను సెక్యూరిటీ తనిఖీలకు వేశారని, ముందుగా నీకు అప్పజెప్పినవన్నీ మూతపడిన కేంద్రాలేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నడుస్తున్న ప్లాంటు రాలేదని నువ్వు కాస్త డీలా పడ్డావట. ఉద్యోగమంతా ఈ తనిఖీల్లోనే గడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను, నీకు వచ్చిన పనే కష్టమైనది. నడిచే ప్లాంటులో వందలమంది పనిచేస్తుంటారు. అక్కడే కూర్చుని రోజూ చూసే రెసిడెంట్ ఇన్‌స్పెక్టర్లు ఉంటారు. కరెంటు అమ్మిన డబ్బు వస్తూ ఉంటుంది. మూతపడ్డాక ఇవన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోతాయి, ఇంధనం మాత్రం కదలదు. ప్రమాదం తగ్గే వేగం కన్నా జాగ్రత్త తగ్గే వేగం ఎక్కువ కాకుండా చూడటమే అక్కడ నీ ఉద్యోగం.

మెయిన్ రాష్ట్రంలో విస్కాసెట్ దగ్గరున్న మెయిన్ యాంకీకి వీలైనంత త్వరగా వెళ్లిరా. 1972లో మొదలైన ఆ కేంద్రాన్ని మూసేయాలని 1997లో తేల్చారు. 2005 కల్లా కట్టడాలన్నీ కూల్చేశారు. రియాక్టర్ ఉన్నచోట ఇప్పుడు ఏమీ లేదు. పక్కనే కంచె లోపల మాత్రం 64 భారీ కాంక్రీటు కాస్కులు, అంటే ఇంధనాన్ని మూసిపెట్టే పెద్ద పీపాలు, నిలబడి ఉంటాయి. వాటిలో 60 వాడిన ఇంధనంవి. మిగతా నాలుగింటిలో రియాక్టర్ లోపలినుంచి తీసిన, రేడియోధార్మికత బాగా ఎక్కువున్న లోహపు ముక్కలు. వీటి కాపలాకు, నిర్వహణకు ఏడాదికి సుమారు కోటి డాలర్లు అవుతోంది. 1982 నాటి చట్టం ప్రకారం ఫెడరల్ ప్రభుత్వం 1998 జనవరి 31 నాటికి ఈ ఇంధనాన్ని తీసుకెళ్లడం మొదలుపెట్టాలి. ఇంతవరకూ మొదలుపెట్టలేదు. అందుకని ‘కొన్నాళ్లేగా ఇక్కడ ఉండేది’ అంటూ కంచె మరమ్మతో, కెమెరాల మార్పిడో ఎవరైనా వాయిదా వేస్తే అస్సలు ఒప్పుకోకు.

ఏ సైటుకు వెళ్లేముందైనా అక్కడి లైసెన్సు ఏ రకమో చూసుకో. విడిగా లైసెన్సు లేకుండా, రియాక్టర్ లైసెన్సు కిందే వచ్చే అనుమతి (జనరల్ లైసెన్సు)తో కాస్కులు పెట్టిన చోట ఎన్ఆర్‌సీ కాపలా నిబంధనల్లోని 73.55 సెక్షన్, మినహాయింపులు పోగా, వర్తిస్తుంది. నిల్వకోసమే విడిగా లైసెన్సు తీసుకున్న చోట 73.51 సెక్షన్ వర్తిస్తుంది. దానికి తోడు 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఇచ్చిన ఆదేశాలు ఉంటాయి. పైకి రెండు సైట్లూ ఒకేలా కనబడతాయి, అడగాల్సిన ప్రశ్నలు మాత్రం వేరు.

రియాక్టర్ ఆగిన మొదటి ఏడాదీ ఏడాదిన్నరా చాలా ముఖ్యమైన కాలం. ఇంధనమంతా పూల్లో, అంటే దాన్ని చల్లబరిచే నీటి తొట్టిలో ఉంటుంది, ఇంకా వేడిగా ఉంటుంది. నీళ్లు పోతే ఇంధనపు తొడుగులోని జిర్కోనియం అంటుకునే ప్రమాదం ఉంటుంది. పూల్లో నీళ్లు పూర్తిగా పోయి, చల్లబడే దారి ఏదీ లేదనుకున్నా, ఇంధనం 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరడానికి కనీసం పది గంటలు పడుతుందని లెక్క తేలితే, అత్యవసర ఏర్పాట్లు తగ్గించుకోవడానికి కంపెనీలు మినహాయింపు అడుగుతాయి. ఆ లెక్కలో తప్పులేదు. నువ్వు చూడాల్సింది తేదీలు. మినహాయింపు ఏ రోజునుంచి అమల్లోకి వస్తుంది, గార్డులను ఏ రోజునుంచి తగ్గిస్తున్నారు, ఆ రోజుకు ఇంధనం నిజంగా ఎక్కడుంది, ఈ మూడూ పక్కపక్కన రాసుకో. కాస్కుల్లోకి మార్చడం నెల ఆలస్యమైనా, గార్డుల కాంట్రాక్టు మాత్రం పాత షెడ్యూలు ప్రకారమే తగ్గిపోతూ ఉంటుంది. ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, రెండు షెడ్యూళ్లు రెండు ఆఫీసుల్లో ఉంటే చాలు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. దాడి గురించి అందరూ ఆలోచిస్తారు, ఏ ఇంధనం ఎక్కడుందన్న లెక్క గురించి ఎవరూ ఆలోచించరు. కనెక్టికట్‌లోని మిల్‌స్టోన్ ఒకటో యూనిట్‌లో 1972లో ఒక ఇంధన కట్టను, అంటే ఇంధనపు కడ్డీల గుత్తిని విప్పి చూశారు. అందులో రెండు కడ్డీలు విడిగా ఉండిపోయాయి. 1980 దాకా అవి పూల్లో ఉన్నట్టు కాగితాలున్నాయి. ఆ తర్వాత జాడ లేదు. ఈ సంగతి బయటపడింది 2000లో, యూనిట్ శాశ్వతంగా మూతపడి రికార్డులు సరిచూసుకుంటున్నప్పుడు! కడ్డీలు దొరకలేదు, 2,88,000 డాలర్ల జరిమానా పడింది. కాలిఫోర్నియాలో హంబోల్ట్ బే కేంద్రం 1976లోనే ఆగిపోయింది. అక్కడ 1968లో ఒక కడ్డీనుంచి కోసిన 18 అంగుళాల ముక్కలు మూడు ఎక్కడున్నాయో తెలియడం లేదని 2004లో గుర్తించారు. ఈ రెండు చోట్లా కంచె దూకినవాడు లేడు, తుపాకీ పేలలేదు. కాగితం మీద ఒక గీత తప్పింది, అంతే.

కాబట్టి పూల్ ఖాళీ చేస్తున్న సైటుకు వెళ్తే ముందు గేటు దగ్గరికి కాదు, రికార్డుల గదికి వెళ్లు. పూర్తి కట్టల జాబితా ఎప్పుడూ సరిగానే ఉంటుంది. విరిగిన కడ్డీలు, పరీక్షల కోసం కోసిన ముక్కలు, డబ్బాల్లో పెట్టిన చెత్త, వీటి జాబితా అడుగు. అప్పట్లో పనిచేసిన పాత ఉద్యోగులు బతికుంటే, వాళ్లతో మాట్లాడమని కంపెనీకి చెప్పు. కాస్కు మూత వెల్డింగ్ అయిపోయాక లోపల ఏముందో చెప్పేది ఆ కాగితాలే.

మనుషుల విషయం. ఏళ్ల తరబడి ఏమీ జరగని చోట, రాత్రి రెండు గంటలప్పుడు తెరల ముందు మెలకువగా కూర్చోవడం ఎంత కష్టమో ఎప్పుడూ తక్కువగా అంచనా వెయ్యకు. పెన్సిల్వేనియాలోని పీచ్ బాటమ్ నడుస్తున్న కేంద్రమే, అయినా అక్కడే 2007లో గార్డులు నిద్రపోతున్న వీడియో బయటికొచ్చింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ సంవత్సరం మార్చిలోనే ఎన్ఆర్‌సీకి ఫిర్యాదు ఉత్తరం అందింది. మనవాళ్లు దాన్ని విచారించమని కంపెనీకే పంపారు, కంపెనీ ఆధారాలు దొరకలేదని జవాబిచ్చింది. ఫిర్యాదు వస్తే అది ఎవరి మీదో వాళ్లకే అప్పగించి ఊరుకోకు. తనిఖీకి పగలే కాదు, అర్ధరాత్రి షిఫ్టుకూ, పండగ రోజుకూ వెళ్లు. గార్డును నిలదీయకు, ఎన్ని గంటల డ్యూటీ, మధ్యలో ఎవరు వచ్చి మారుస్తారు అని మర్యాదగా అడుగు. వాళ్ల అలసట వాళ్ల తప్పు కాదు, రోస్టరు వేసినవాళ్ల తప్పు. న్యూజెర్సీలోని ఓయిస్టర్ క్రీక్ మూతపడ్డాక, అక్కడ ఆయుధాల బాధ్యత చూసే ఉద్యోగి వార్షిక తనిఖీలు చేయకుండానే చేసినట్టు రాసిన సంగతి కూడా తెలుసుకో. సంతకం ఉన్న ఫారం చూసి తృప్తిపడకు, ఆ వస్తువు తెప్పించి చూడు.

కాస్కుల నిల్వ మాత్రమే మిగిలిన చోట, ఎవరైనా చొరబడితే ఎదుర్కొనే భారం చాలావరకు స్థానిక పోలీసుల మీదే ఉంటుంది. సైటు గార్డుల పని ముఖ్యంగా గుర్తించడం, కబురు పెట్టడం. అందుకే షెరీఫ్‌తో, అంటే ఆ కౌంటీ పోలీసు అధికారితో, ఒప్పందం కాగితం ఉందా అని చూసి వచ్చేయకు. ఆ సంతకం చేసిన షెరీఫ్ ఇంకా పదవిలో ఉన్నాడా? ఇప్పుడున్న డిప్యూటీలు ఎప్పుడైనా ఆ గేటు లోపలికి వచ్చారా? రేడియో తగులుతుందా? చిన్న కౌంటీల్లో అర్ధరాత్రి ఒకటో రెండో కార్లే తిరుగుతుంటాయి. కంపెనీ ప్లానులో రాసిన సమయానికి వాళ్లు రాగలరా అని వాళ్లనే అడుగు.

కాలిఫోర్నియా తీరంలోని సాన్ ఒనోఫ్రే గురించి నువ్వు చదివే ఉంటావు. 2018 ఆగస్టు 3న ఇంధనం నింపిన కెనిస్టర్‌ను (లోహపు డబ్బాను) నిల్వ గుంతలోకి దించుతుంటే అంచుమీద ఇరుక్కుంది, దాన్ని పట్టుకోవాల్సిన పట్టీలు వదులయ్యాయి, దాదాపు 18 అడుగులు పడిపోయే స్థితిలో కొంతసేపు ఉండిపోయింది. అదృష్టం, పడలేదు. 24 గంటల్లో ఇవ్వాల్సిన రిపోర్టు కంపెనీ ఇవ్వలేదు. జనానికి తెలిసింది కొన్ని రోజుల తర్వాత, అక్కడ పనిచేసే ఒక కార్మికుడు బహిరంగ సమావేశంలో లేచి చెప్పినప్పుడు. తర్వాత 1,16,000 డాలర్ల జరిమానా పడింది. అది ప్రమాదాల నివారణలో లోపమే కానీ కాపలాలో లోపం కాదు కదా అంటారేమో. మూసేసిన ప్లాంటులో కాంట్రాక్టు మనుషులే ఎక్కువ, పని అయిపోగానే వెళ్లిపోతారు. నోరు విప్పితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లు కంచెకు కన్నం కనబడ్డా చెప్పరు. వాళ్లతో సూపర్‌వైజర్ లేకుండా మాట్లాడే సమయం తప్పకుండా అడిగి తీసుకో.

ఊరివాళ్ల సమావేశాలకు వెళ్తావు. వెర్మాంట్‌లో అయినా, సాన్ ఒనోఫ్రేలో అయినా పౌర సలహా బృందాలున్నాయి. కాపలా వివరాలు చట్టం ప్రకారం రహస్యం, చెప్పకూడదు. కానీ ‘అది చెప్పడానికి వీల్లేదు’ అనడానికీ ‘ఏ సమస్యా లేదు’ అనడానికీ చాలా తేడా ఉంది. మొదటిదే చెప్పు. ఎన్ని తనిఖీలు చేశామో, లోపం కనబడితే సరిచేసేదాకా వదలమనీ చెప్పవచ్చు, చెప్పు. ఇంటి వెనకాలే ఆ కాస్కులు పెట్టుకుని బతుకుతున్నవాళ్లు వాళ్లు. విసుక్కోకు.

డ్రోన్ల గురించి నీకే నాకన్నా ఎక్కువ తెలుసు, వదిలేస్తున్నాను.

చలికాలంలో ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తే మంచి బూట్లు కొనుక్కో. మంచు తోసి కంచెను ఆనుకుని గుట్టగా పోశారేమో, కెమెరా అద్దాలమీద గడ్డకట్టిందేమో కంచె చుట్టూ నడిచి స్వయంగా చూడు. కారులో కూర్చుని చూస్తే కనబడవు.

సందేహం వస్తే ఎప్పుడైనా ఫోన్ చెయ్యి. నిబంధనల గురించి, మనుషులతో నెట్టుకురావడం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుందాం. ఏ సైటు కాపలా ప్లానులో ఏముందో మాత్రం నాకు చెప్పకు. రిటైరయ్యాక అవి తెలుసుకునే హక్కు నాకు లేదు, నేను అడిగినా చెప్పకు.

ఇట్లు,
మామయ్య