విజయవాడ ఆటోనగర్‌లో పాత రేసు కారు నమూనాను చేతితో కట్టించుకోవడం సాధ్యమేనా?

గుంటూరులో ఉంటున్నాననీ, 1950ల నాటి రేసు కారును పోలిన కారును అల్యూమినియం బాడీతో చేతితో కట్టించుకోవాలని ఉందనీ, విజయవాడ ఆటోనగర్‌లో ఆ పని అవుతుందా, అయితే ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. అవుతుంది. బ్రిటిష్ రేసు కారు లోటస్ ఎలెవెన్ నమూనా ఒకటి నేను అక్కడి పనివారి సాయంతోనే కట్టుకున్నాను. నా అనుభవంలో తేలిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రేకు మీద మొదటి సుత్తి దెబ్బ పడకముందే చెక్క అచ్చు, ఫ్రేము రెండూ కొలతల్లో నికరంగా ఉండాలి. మీ డబ్బునూ ఓపికనూ ముందుగా వాటి మీదే పెట్టండి.

దానికన్నా ముందు రోడ్డు సంగతి తేల్చుకోవాలి. ఇలాంటి కారుకు రిజిస్ట్రేషన్ వస్తుందన్న ఆశతో పని మొదలుపెట్టవద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన వాహన నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ (ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా) వంటి సంస్థకు పరీక్ష కోసం ఇవ్వాలి. ఒక్క కారు కట్టుకునేవారికి ఆ ఖర్చు మోయదగినది కాదు. పోనీ ఏదైనా పాత కారు ఆర్‌సీ మీద కొత్త ఫ్రేమునూ బాడీనీ నడుపుదామంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు వస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి ఇది ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారు అని నిశ్చయించుకుని, ట్రైలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకువెళ్లే ఏర్పాటు చూసుకోండి.

లోటస్ ఎలెవెన్‌ను నేను ఎంచుకోవడానికి కారణం అది చిన్నది, తేలికైనది, చేతిపనికి లొంగేది. 1956లో వచ్చిన ఈ కారును లోటస్ సంస్థ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ సన్నని ఉక్కు గొట్టాల ఫ్రేము మీద కట్టగా, విమానాల రంగంలో పనిచేసిన ఫ్రాంక్ కాస్టిన్ దాని బాడీని గాలి ఒరిపిడి తక్కువ ఉండేలా రూపొందించాడు. 1957 లె మాన్స్ 24 గంటల పందెంలో ఇది 1,100 సీసీ తరగతిలో గెలిచింది. దానిలోని 1,098 సీసీ కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్ అగ్నిమాపక పంపు కోసం తయారైన తేలికపాటి ఇంజన్ నుంచి పుట్టింది. అది మనకు దొరికేది కాదు కాబట్టి నేను మారుతి జిప్సీలోని 1,298 సీసీ ఇంజన్‌ను తీసుకున్నాను. దాని బ్లాకు కూడా అల్యూమినియమే. పైగా కారు పొడవునా అమరుతుంది, ముందు వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు విడిగా ఉండటం వల్ల దాన్ని తీసేసి ప్రొపెల్లర్ షాఫ్టును నేరుగా వెనక ఇరుసుకు కలపవచ్చు. ఎలెవెన్‌లో ‘క్లబ్’ రకానికి వెనక మామూలు లైవ్ ఆక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉండేది కనుక, మన దగ్గర దొరికే ఇరుసు వాడినా నమూనాకు అన్యాయం జరగదు.

ఫ్రేము పనికి మట్టసంగా ఉండే గట్టి ఇనుప బల్ల తప్పనిసరి. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు ఉన్నవి చాలా వరకు సరిపోతాయి. అన్ని కలయికలనూ ముందు టాకాలతోనే (చిన్న చిన్న తాత్కాలిక అతుకులతో) నిలిపి, మూల నుంచి మూలకు ఐమూల కొలతలు రెండువైపులా సమానంగా వచ్చాక, ఒక చివర కొంత, ఎదుటి చివర కొంత చొప్పున పూర్తి వెల్డింగ్ చేయించాలి. ఒకే వైపు వరసగా కాల్చుకుంటూ పోతే వేడికి ఫ్రేము మెలి తిరుగుతుంది. మన ఎండల్లో పనివారు ఫ్యాను పెట్టుకోవడం సహజమే గానీ, గ్యాసు రక్షణతో చేసే వెల్డింగ్ దగ్గర ఆ గాలికి గ్యాసు చెదిరి అతుకులో బుడగలు పడతాయి, అందుచేత ఆ పనిని తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది. తలకు రక్షణగా నిలిపే రోల్‌బార్ విషయంలో మాత్రం పొదుపు చూడవద్దు: అతుకులేని కోల్డ్ డ్రాన్ గొట్టం, 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం అన్నది అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్న కొలత.

ఇక బాడీ. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే చేతులకు రేకును ఒకే దిశలో వంచడం వెన్నతో పెట్టిన విద్య. ఎలెవెన్ ముందు చక్రాలను కప్పే రెక్కలు మాత్రం రెండు దిశల్లో ఒకేసారి వంపు తిరుగుతాయి, అంటే రేకును ఒకచోట సాగదీయాలి, మరొకచోట కుదించాలి. ఈ కుదించే విద్య నాకు కార్ల టింకరింగ్ వారికన్నా ఇత్తడి బిందెలు, గుండిగల పని చేసిన ఒక పెద్ద మేస్త్రి దగ్గర ఎక్కువ కనిపించింది. ఆయనకు కారు కొత్త, లోహం కొత్త కాదు. ఆయన ముందు నేను ప్లైవుడ్ అడ్డుకోతలతో చేయించిన అచ్చును పెట్టాను. రేకును ఇసుక సంచి మీద కొయ్యసుత్తితో కొట్టడం, అచ్చు మీద పెట్టి ఎక్కడ ఎత్తుగా ఉందో చూడటం, మళ్లీ కొట్టడం, ఇంతే పని. అచ్చు లేకపోతే కుడి రెక్క, ఎడమ రెక్క ఎప్పటికీ ఒకటి కావు.

రేకు 3003 రకం, 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల మందంలో తీసుకోండి. కొట్టేకొద్దీ అది గట్టిపడుతుంది, అప్పుడు మెత్తబరచాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగేదాకా ఎర్రబడదు కనుక కంటితో చూసి వేడిని అంచనా కట్టడం ప్రమాదం. ఆక్సీ-అసిటిలీన్ మంటలో అసిటిలీన్‌ను పెంచి రేకుకు నల్లటి మసి పట్టించి, తర్వాత మామూలు మంటతో ఆ మసి మాయమయ్యేవరకే వేడి చేసి ఆపాలి. ముక్కలను కలపడానికి నేను గ్యాసు వెల్డింగ్‌నే ఇష్టపడతాను. ఆ అతుకు మెత్తగా ఉండి, సుత్తితోనూ డాలీతోనూ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మతోనూ) సాపు చేయడానికి లొంగుతుంది. అతుకు పట్టడానికి వాడిన ఫ్లక్సు మందును మాత్రం ఆ రోజే వేడినీటితో రెండువైపులా కడగాలి, వదిలేస్తే అది రేకును తినేస్తుంది.

బిగించేటప్పుడు ఉక్కు గొట్టానికీ అల్యూమినియానికీ మధ్య ప్రైమరు, పల్చని రబ్బరు పట్టీ ఉండాలి. కృష్ణ ఒడ్డు తేమలో ఆ రెండు లోహాలు నేరుగా తగిలితే అల్యూమినియం పొడిపొడి అవుతుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి చల్లటి వేళ బిగించిన చదునైన పక్క రేకు మే నెల ఎండలో ఉబ్బుతుంది. పగటి వేడిలో రివెట్లు కొట్టించండి.

కూలి విషయం కూడా చెబుతాను. ఫ్రేము పనిని గుత్తకు ఇవ్వవచ్చు గానీ, రేకు పనిని రోజు కూలికే మాట్లాడుకోండి. గుత్త పనిలో “పుట్టీ పెట్టేద్దాం సార్, కనపడదు” అన్న మాట తప్పక వస్తుంది, అది వారి తప్పు కూడా కాదు, వారి రోజు గడవాలి. రోజు కూలి ఇచ్చి, వంకరను సరిచేయడానికి కావలసినంత సమయం వారికి వదిలితే, పుట్టీ లేకుండా రంగు వేయదగిన రేకును మన పనివారు చేసి ఇవ్వగలరు.